నియామక పత్రంలో లేని పని

ఉద్యోగంలో చేరిన రోజున మన చేతికి వచ్చే నియామక పత్రంలో హోదా ఉంటుంది, జీతం ఉంటుంది, పనివేళలు ఉంటాయి, సెలవుల లెక్క ఉంటుంది. కొన్నిచోట్ల చేయవలసిన పనుల పట్టిక ఒకటి జతచేసి ఇస్తారు. కొత్తగా చేరినవానికి పని నేర్పాలని ఆ పట్టికలో ఉండదు. పక్క బల్ల మీది ఉద్యోగి తల్లి ఆసుపత్రిలో ఉంటే అతని పని రెండు రోజులు మనం చూడాలని ఉండదు. సాయంకాలం వెళ్ళిపోయే ముందు ఫ్యాన్లు, దీపాలు ఆర్పాలని ఉండదు. అదేవిధంగా, పది నిమిషాల పనిని గంటసేపు సాగదీయగూడదని గానీ, తోటివారి మీద లేనిపోనివి కల్పించి చెప్పగూడదని గానీ చాలా పత్రాలలో వ్రాసి ఉండదు. కార్యాలయమైనా, ఆసుపత్రి అయినా, కర్మాగారమైనా, కిరాణా దుకాణమైనా, అది సజావుగా నడవడమో కుంటుపడడమో ఎక్కువగా ఈ వ్రాయని విషయాల మీదనే ఆధారపడి ఉంటుంది.

ఎవరూ ఆజ్ఞాపించకుండా, జీతంలో లెక్కకు రాకుండా, ఉద్యోగి తన ఇష్టంతో చేసే మేలు ఒకటి. ఎవరూ చెప్పకుండానే, కొన్నిసార్లు ఎవరికీ తెలియకుండానే, తన ఇష్టంతోనే చేసే కీడు మరొకటి. ఈ రెండింటినీ కలిపి అధ్యయనం చేయడం నిర్వహణశాస్త్రంలో ఒక ముఖ్యమైన శాఖగా ఎదిగింది. చాలా ఏళ్ళు వాణిజ్య, నిర్వహణశాస్త్ర విద్యార్థులకు ఈ పాఠాన్ని బోధించాను. ఈ పత్రికను చదివేవారిలో ఉద్యోగం చేసేవారున్నారు, ఇతరులకు ఉద్యోగమిచ్చి పని చేయించేవారున్నారు, ఇంట్లో పిల్లలు ఉద్యోగాలలో చేరుతుంటే చూస్తున్న పెద్దలున్నారు. అందరికీ ఇందులో పనికివచ్చేది కొంత ఉన్నదనే నమ్మకంతో దీనిని వ్రాస్తున్నాను.

అమెరికాలో ఒక టెలిఫోన్ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన చెస్టర్ బర్నార్డ్ 1938లో వెలువరించిన గ్రంథంలో, సంస్థ అనేది మనుషుల సహకార సంసిద్ధత మీద నిలుస్తుందని వాదించాడు. అనంతరం 1964లో డేనియల్ కట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చాడు. ఏ సంస్థకైనా ఉద్యోగులతో మూడు అవసరాలుంటాయని అతని విశ్లేషణ. వారు సంస్థలో చేరి నిలవాలి. అప్పగించిన పనిని నమ్మకంగా చేయాలి. అప్పగించిన దానిని దాటి, సందర్భాన్ని బట్టి, తమంతట తాము ముందుకు రావాలి. ఈ మూడవది లేకుండా కేవలం నిర్దేశించిన పని మీదనే నడిచే సంస్థ చాలా బలహీనమైనదని అతని అభిప్రాయం.

ఇది నిజమో కాదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర లేదు. కార్మిక సంఘాలు అప్పుడప్పుడు సమ్మెకు బదులుగా 'వర్క్ టు రూల్' ప్రకటిస్తాయి. అంటే ఎవరూ పని మానరు. నిబంధనల పుస్తకంలో ఏమున్నదో అది అక్షరాలా చేస్తారు, అంతకు మించి ఒక్కటీ చేయరు. ప్రతి తనిఖీ పూర్తిగా, ప్రతి సంతకం వరుసగా, విరామం సరిగ్గా విరామ సమయానికే. పని మందగించి, కొన్నాళ్ళలోనే యాజమాన్యం చర్చలకు దిగివస్తుంది. విచిత్రమేమిటంటే, నిబంధనలు వ్రాసింది యాజమాన్యమే. వాటిని పాటించారన్న ఫిర్యాదు కూడా యాజమాన్యానిదే!

1980 దశకంలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన డెన్నిస్ ఆర్గన్, అతని సహచరులు ఈ స్వచ్ఛంద సహకారానికి 'ఆర్గనైజేషనల్ సిటిజన్‌షిప్ బిహేవియర్' అని పేరు పెట్టారు. తెలుగులో 'సంస్థాగత పౌర ప్రవర్తన' అనవచ్చు. మంచి పౌరుడు చట్టానికి భయపడి మాత్రమే వీధిని శుభ్రంగా ఉంచడు గదా, అదే ఉపమానం. 1988లో వెలువడిన తన గ్రంథంలో ఆర్గన్ దీనికి ఐదు ముఖాలు చూపాడు. సహోద్యోగికి సాయపడే పరోపకారం, ఎవరూ చూడకపోయినా పనివేళను, వస్తువులను గౌరవించే కర్తవ్యనిష్ఠ, సంస్థ మంచిచెడ్డలలో పాలుపంచుకొనే పౌరబాధ్యత అనే మూడు సులభంగానే బోధపడతాయి. తక్కిన రెండింటి వద్ద కొంచెం ఆగాలి.

ఒకటి మర్యాద. నమస్కారాలు, చిరునవ్వులు అని ఇక్కడ అర్థం కాదు. నా పని వల్ల రేపు మరొకరికి ఇబ్బంది కలుగుతుందని తోస్తే ఈ రోజే వారికి చెప్పడం ఈ మర్యాద. ఆర్టీసీ డిపోలో బస్సు అప్పగించి వెళ్ళే డ్రైవరు, బ్రేకు కొంచెం లోతుగా పడుతున్నదని తరువాతి డ్రైవరుకు నోటిమాటగా చెప్పడం మర్యాద. రాత్రి విధులు ముగించుకొని వెళ్ళే నర్సు, మూడవ మంచం మీది పెద్దాయన మందు మింగకుండా దిండు కింద దాస్తున్నాడని పగటి నర్సు చెవిన వేయడం మర్యాద. పరోపకారం కష్టం వచ్చిన తరువాత ఆదుకుంటుంది. మర్యాద ఆ కష్టం రాకుండానే చూస్తుంది. రాని కష్టాన్ని ఎవరూ చూడరు గనుక దీనికి మెప్పు కూడా రాదు. ఐదింటిలోనూ నేను దీనికే పెద్దపీట వేస్తాను.

రెండవది ఓర్పు. ఆర్గన్ దీనిని క్రీడాస్ఫూర్తి అన్నాడు. కుర్చీ కిరకిరలాడుతున్నదనీ, టీ చల్లారిపోయిందనీ, బదిలీలో తన బల్ల కిటికీ దగ్గర నుండి గోడ దగ్గరకు పోయిందనీ రోజంతా సణుగుతూ తన సమయాన్ని, పదిమంది సమయాన్ని హరించకపోవడం. ఇది ఏదో చేయడంలో లేదు, చేయకపోవడంలో ఉన్నది. అయితే ఓర్పు అన్న మాటను పై అధికారులు చాలా తొందరగా సొంతం చేసుకుంటారు. చల్లారిన టీని భరించడం ఓర్పు. జీతం రెండు నెలలుగా రాకపోయినా మాట్లాడకపోవడం ఓర్పు కాదు. అన్యాయాన్ని చూచి నోరు మూసుకోవడం ఈ ఐదింటిలో ఏ ఒక్కదాని కిందికీ రాదు.

ఇక కీడు వైపు చూద్దాం. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఖజానా ధనాన్ని ఉద్యోగులు అపహరించే మార్గాలు నలభై ఉన్నాయని లెక్క చెప్పింది. ముందు వచ్చినదానిని తరువాత వచ్చినట్లు వ్రాయడం, ఇవ్వనిదానిని ఇచ్చినట్లు చూపడం మొదలైనవి ఆ జాబితాలోనివే. నేటి లెక్కల తనిఖీ అధికారి ఆ భాగం చదివితే కొత్తగా చేర్చవలసినవి ఎక్కువ కనబడవు. ఆధునిక కాలంలో 1995లో సాండ్రా రాబిన్సన్, రెబెకా బెనెట్ అనే పరిశోధకులు హానికర ప్రవర్తనను రెండు ప్రశ్నలతో విభజించారు. కీడు సంస్థకా, తోటి మనిషికా? చిన్నదా, పెద్దదా? ఈ రెండు ప్రశ్నలతో నాలుగు గదులు ఏర్పడతాయి. ఆలస్యంగా రావడం, ముందుగా వెళ్ళిపోవడం, కావాలని నెమ్మదిగా చేయడం ఒక గదిలో. దొంగతనం, యంత్రాన్ని చెడగొట్టడం, దొంగబిల్లులు మరొక గదిలో. పక్షపాతం, చాటుమాటు నిందలు మూడవదానిలో. దూషణ, వేధింపు, బెదిరింపు నాలుగవదానిలో.

దొంగబిల్లు పెట్టేవాడిని 'కంచే చేను మేసింది' అని అందరమూ నిందిస్తాము. కాని ఒక మనిషిని లక్ష్యంగా చేసుకొని రోజూ చిన్న చిన్న మాటలతో పొడవడం, సమావేశం ఉన్నదని అతనికి మాత్రమే చెప్పకపోవడం, పని నేర్చుకోవడానికి వస్తే ముఖం తిప్పుకోవడం వంటివాటిని 'ఆఫీసు రాజకీయాలు' అని నవ్వి వదిలేస్తాము. పోయిన సొమ్ము లెక్కలలో ఎప్పటికైనా దొరుకుతుంది. ఇట్లా పోయిన మనిషి మాత్రం రాజీనామా ఇచ్చేటప్పుడు 'వ్యక్తిగత కారణాలు' అని వ్రాసి వెళ్ళిపోతాడు.

విద్యార్థులు సాధారణంగా ఇక్కడ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. మేలు చేసేవారు ఒక రకం మనుషులు, కీడు చేసేవారు మరొక రకం. మంచివారిని ఎంచుకొని చేర్చుకుంటే సరిపోతుంది అని. పరిశోధనలు ఇంత సులువైన మాట చెప్పలేదు. అనేక అధ్యయనాల ఫలితాలను క్రోడీకరించి రీషద్ దలాల్ 2005లో ప్రచురించిన విశ్లేషణలో మేలుకూ కీడుకూ మధ్య ఉన్న వ్యతిరేక సంబంధం ఒక మోస్తరుదిగానే తేలింది. అంటే రెండూ ఒకే కడ్డీకి రెండు కొసలు కావు. ఒకే మనిషిలో, ఒకే వారంలో, రెండూ ఉండవచ్చు.

దీనికి నాకు తెలిసిన మంచి నిదర్శనం చికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలోనిది. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ అనే సంస్థ అక్కడ టెలిఫోన్ పరికరాలు తయారుచేసేది. 1931 నవంబరు నుండి 1932 మే వరకు పరిశోధకులు ఒక గదిలో పద్నాలుగు మంది కార్మికుల పనితీరును గమనించారు. తొమ్మిదిమంది తీగలు కలిపేవారు, ముగ్గురు వాటిని అతికేవారు, ఇద్దరు తనిఖీదారులు. జట్టు ఎంత ఎక్కువ చేస్తే అందరికీ అంత ఎక్కువ వేతనం వచ్చే పద్ధతి. అయినా రోజుకు ఇంత చేస్తే చాలునని వారిలో వారు ఒక హద్దు గీసుకున్నారు. ఆ హద్దు దాటి పనిచేసేవాడిని ఎగతాళి చేసేవారు, భుజం మీద గట్టిగా ఒక గుద్దు గుద్దేవారు. మరీ తక్కువ చేసేవాడికీ నిందలు తప్పేవి కావు. పైవారికి మోసేవాడిని అసలు సహించేవారు కారు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారని, కొందరిని తీసివేస్తారని వారి భయం. అవి అమెరికాలో మహా ఆర్థిక మాంద్యపు రోజులు.

ఇంతవరకు చాలా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అదే గదిలో జరిగిన ఇంకొక విషయాన్ని మాత్రం తరచుగా విడిచిపెడతాయి. ఒకరి పనిలో ఒకరు సాయపడడానికి అక్కడ నియమాలు సమ్మతించవు. కాని ఆ కార్మికులు వెనుకబడినవానికి రోజూ చేయి అందించేవారు. ఒకరికొకరు సాయపడడం తమకు సంతోషంగా ఉన్నదని పరిశోధకులతో చెప్పారు. ఉత్పత్తిని అదుపులో పెట్టిన చేతులు, నియమాన్ని దాటి తోటివానిని ఆదుకున్న చేతులు ఒకటే. సంస్థను అనుమానించారు, పక్కవానిని నమ్మారు. రెండు ప్రవర్తనలూ ఆ నమ్మకం, అపనమ్మకం నుండే పుట్టాయి.

మరొక చిక్కు కూడా ఉన్నది. చాలా మేలు చేసినవాడు ఆ మేలునే ఒక ఖాతాగా భావించి, 'ఇంత చేశాను, ఇంతమాత్రం తీసుకుంటే తప్పేమిటి' అని తనకు తాను అనుమతి ఇచ్చుకోవచ్చు. ఆంథొనీ క్లోట్జ్, మార్క్ బొలీనో అనే పండితులు 2013లో ఈ వాదాన్ని వివరంగా ముందుకు తెచ్చారు. ఆదివారాలు కూడా వచ్చి పనిచేసే నమ్మకస్తుని చేతనే నగదు పెట్టె తాళం ఉంటుంది; అతని లెక్కను చూడడం అవమానకరమని ఎవరూ చూడరు. అతని మీద అనుమానంతో కాదు, అతనికి రక్షణగానే ఆ లెక్కను అందరి లెక్కతోపాటు చూడాలని నా అభిప్రాయం.

అయితే మొగ్గు ఎటువైపు అన్నది దేనివల్ల నిర్ణయమవుతుంది? జీతమా? జీతం ముఖ్యమే. జీతం సరిగా ఇవ్వనివాడు మనస్తత్వ శాస్త్రం చదివి ప్రయోజనం లేదు. కాని జీతం ఒక్కటే కాదని చూపిన ఒక పరిశోధన ఉన్నది. జెరాల్డ్ గ్రీన్‌బెర్గ్ దానిని 1990లో ప్రచురించాడు. విమానాలకు, మోటారు వాహనాలకు చిన్న భాగాలు తయారుచేసే ఒక సంస్థకు పెద్ద ఒప్పందాలు చేజారిపోయాయి. ఎవరినీ తొలగించకుండా గట్టెక్కడానికి రెండు కర్మాగారాలలో పదివారాలపాటు జీతాలను 15 శాతం తగ్గించారు. ఇంకొక కర్మాగారంలో తగ్గించలేదు; పోల్చి చూడడానికి అది ఉన్నది.

కోత పడిన రెండింటిలో మొదటిచోట యాజమాన్యం కార్మికులను సమావేశపరచి సుమారు గంటన్నరసేపు మాట్లాడింది. నష్టం ఎట్లా వచ్చిందో లెక్కలు, పటాలు చూపింది. కోతకు విచారం వ్యక్తం చేసింది. అడిగిన ప్రశ్నలకన్నిటికీ జవాబిచ్చింది. రెండవచోట పావుగంటలో ప్రకటన ముగించారు. కోత అంతే, కాలపరిమితి అంతే. వివరణ మాత్రం నామమాత్రం. ఆ పదివారాలలో పనిముట్లు, సామగ్రి మాయం కావడం రెండుచోట్లా పెరిగింది. కాని వివరించి చెప్పినచోట పెరుగుదల స్వల్పం. చెప్పనిచోట చాలా ఎక్కువ. ఉద్యోగం మానుకొని వెళ్ళినవారు కూడా రెండవచోటనే అధికం. జీతాలు తిరిగి యథాస్థితికి వచ్చాక దొంగతనాలు కూడా మునుపటి స్థాయికి దిగాయి.

ఈ ఫలితాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వచ్చేది. 'అయితే మంచిమాటలు చెప్పి జీతాలు కోయవచ్చునా?' అని. అట్లా చదవగూడదు. మొదటి కర్మాగారంలో చెప్పినవి కేవలం తీయని మాటలు కావు. నిజమైన లెక్కలు, నిజమైన గడువు. కోత చెప్పిన నాటికే ముగిసింది. రెండవ కర్మాగారంలో తప్పు చేసినవారిని నేను సమర్థించడం లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఏ కారణం చేతనైనా తగదు. కాని కారణం తెలియనివ్వకుండా జీతం తీసుకున్నవారు, కారణం చెప్పకుండా పనిముట్లు తీసుకుపోయేవారిని తయారుచేసుకున్నారని గమనించక తప్పదు.

డబ్బు ప్రసక్తి లేనిచోట కూడా ఇదే చూశాను. నేను ఎరిగిన ఒక కార్యాలయంలో నెలాఖరున ఉద్యోగులు రాత్రి ఏడింటిదాకా ఉండి లెక్కలు ముగించేవారు. అదనపు వేతనం లేదు, అడిగినవారూ లేరు. ఒకనాడు వేలిముద్రల యంత్రం వచ్చింది. గోడ మీద ఒక కాగితం అతికించారు: ఆలస్యానికి జీతంలో కోత విధించబడును. ఎందుకు తెచ్చారో, ఎవరి ఆలస్యాల వల్ల తెచ్చారో ఎవరూ చెప్పలేదు. ఆ నెల నుండి ఆలస్యాలు దాదాపు లేవు. సాయంత్రం ఐదుకు పది నిమిషాల ముందే యంత్రం ముందు వరుస కట్టేవారు. నెలాఖరు లెక్కలు మరుసటి నెల రెండవ వారానికి జరిగాయి. యంత్రం చెడ్డది కాదు. అది ఉన్నచోట్ల ఎన్నో సంస్థలు చక్కగా నడుస్తున్నాయి. చెడ్డది ఆ కాగితంలోని గొంతు. ఒకరిద్దరి ఆలస్యానికి ఇరవైమంది మీద అనుమానం ప్రకటించింది.

మేలు ఎంత ఎత్తుకు పోగలదో చూపిన సంఘటన మన దేశంలోనే ఉన్నది. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలోని తాజ్‌మహల్ హోటలు మీద ఉగ్రవాదులు దాడి చేశారు. వెనుక దారులు తెలిసిన ఉద్యోగులు తప్పించుకుని పోవచ్చు. చాలామంది పోలేదు. వంటశాల సిబ్బంది అతిథులను బయటకు పంపుతూ వారికి అడ్డుగా నిలిచారు. టెలిఫోన్ ఆపరేటర్లు గదులకు ఫోను చేసి, తలుపులు తెరవవద్దని, దీపాలు ఆర్పివేయమని చెబుతూ ఉండిపోయారు. హోటలు జనరల్ మేనేజరు తన భార్యను, ఇద్దరు బిడ్డలను ఆ మంటలలో కోల్పోయి కూడా రక్షణ పనులను విడువలేదు. దాదాపు పదకొండుమంది ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఇట్లా చేయమని ఏ శిక్షణ పుస్తకంలోనూ వ్రాసి లేదు.

హార్వర్డ్‌కు చెందిన రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా ఈ విషయాన్ని పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ రాత్రి కనబడిన ధైర్యానికి మూలాలు వారికి చాలా మామూలు విషయాలలో కనిపించాయి. పెద్ద నగరాల కంటే చిన్న పట్టణాల యువతను ఎంచుకోవడం. పరిశ్రమలో పన్నెండు నెలలుండే శిక్షణను పద్దెనిమిది నెలలు ఇవ్వడం. హోటలు ప్రయోజనానికీ అతిథి ప్రయోజనానికీ పోటీ వస్తే అతిథి పక్షాన నిలవమని, పై అధికారిని అడగకుండానే నిర్ణయం తీసుకోమని నేర్పడం. చేసిన మంచిపనిని ఆలస్యం చేయక గుర్తించడం. రోజూ చిన్న నిర్ణయాలు తీసుకోనిచ్చినవారే ఆ రాత్రి పెద్ద నిర్ణయం తీసుకోగలిగారు. ప్రతిదానికీ పైవారి సంతకం కోసం నిలబెట్టిన ఉద్యోగి నుండి ఆపదలో చొరవను ఆశించడం దురాశ.

ఈ ఉదాహరణ చెప్పడంలో ఒక ప్రమాదమున్నది. దీనిని విన్న యజమాని 'మావాళ్ళు ఎందుకిట్లా ఉండరు' అని ప్రశ్నించి, రేపటి నుండి 'స్వచ్ఛందంగా' ఆదివారం రమ్మని సందేశం పంపవచ్చు. స్వచ్ఛందం అన్న మాటకు ఉన్న ప్రాణమంతా 'రాను' అనగలగడంలో ఉన్నది. హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరాన్ విగోడా-గాడోట్ 2006లో దీనికి 'నిర్బంధ పౌర ప్రవర్తన' అని పేరు పెట్టాడు. బయటికి సేవలాగే కనిపిస్తుంది, లోపల భయం ఉంటుంది. రాకపోతే వార్షిక నివేదికలో ఏమి వ్రాస్తారో అన్న భయం. ఇట్లా పిండిన సేవ ఒత్తిడిని, అలసటను, ఉద్యోగం మానే ఆలోచనను పెంచుతుంది.

ఈ బరువు అందరి మీదా సమానంగా కూడా పడదు. మెత్తనివానిని చూస్తే మొత్తబుద్ధి అన్నట్లు, ఒకసారి సరేనన్నవారి బల్ల మీదకే పదిసార్లూ ఫైళ్ళు వస్తాయి. స్త్రీల విషయంలో ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. మడలిన్ హైల్మన్, జూలీ చెన్ 2005లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే సాయం పురుషుడు చేస్తే అతని విలువ పెరిగింది. స్త్రీ చేస్తే పెరగలేదు. సాయం చేయకపోతే పురుషునికి నష్టం కలగలేదు. స్త్రీకి మాత్రం విలువ తగ్గింది. అంటే ఒకరికి అది ఉపకారం, ఇంకొకరికి అది స్వభావసిద్ధమైన విధి! ఒక కళాశాలలో ఉపకారవేతనాల దరఖాస్తులు తప్పుల్లేకుండా నింపడానికి పేద విద్యార్థులంతా ఒక మహిళా గుమాస్తా దగ్గరకే వెళ్ళేవారు. ఆమె మధ్యాహ్న భోజనం ఏ రోజూ సమయానికి చేయలేదు. పదోన్నతుల జాబితా తయారైనప్పుడు ఆమె విభాగపు ఫైళ్ళు కొన్ని పెండింగులో ఉన్నాయని వ్రాశారు. అది అబద్ధమూ కాదు. ఆ ఫైళ్ళు ఎందుకు ఆగాయో చెప్పడానికి ఆ నమూనా పత్రంలో గడి లేదు.

పౌరబాధ్యత గురించి పైన తొందరగా దాటి వచ్చాను. దాని ఖరీదు చెప్పకపోతే ఈ పాఠం అసత్యమవుతుంది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థలో ఇంజనీరైన సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనులలో అక్రమాలను గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ వ్రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. అది గోప్యంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో అతనిని కాల్చి చంపారు. దర్యాప్తు సంస్థ దానిని దోపిడీ హత్యగా తేల్చింది, న్యాయస్థానం ముగ్గురిని శిక్షించింది. హత్య సంగతి ఎట్లున్నా, పేరు బయటపెట్టినవారి సంగతి అట్లాగే మిగిలింది. తప్పును ఎత్తిచూపిన ఉద్యోగిని 'సంస్థకు కీడు చేసినవాడు' అని ముద్ర వేయడం చాలా కార్యాలయాలలో ఆనవాయితీ. రాబిన్సన్, బెనెట్ గీసిన నాలుగు గదులలో అతనికి చోటు లేదు.

ఆచరణలో ఏమి చేయాలన్న ప్రశ్నకు ఎలిజబెత్ మారిసన్ 1994లో చూపిన ఒక విషయం నాకు బాగా ఉపకరించింది. ఏది ఉద్యోగంలో భాగం, ఏది అదనం అన్న విషయంలో ఉద్యోగి లెక్క వేరు, అధికారి లెక్క వేరు. ఒకరు ఉపకారమనుకొని చేసేది మరొకరికి మామూలు విధిగా కనిపిస్తుంది. ఆర్గన్ కూడా 1997లో తన నిర్వచనాన్ని సవరించుకొని, విధికీ అదనానికీ మధ్య గీత అంత స్పష్టంగా లేదని అంగీకరించాడు. చాలా అలకలు, ఆ అలకలలో నుండి పుట్టే చాలా కీడు, ఈ మసక గీత దగ్గరే మొదలవుతాయి.

సాయంకాలపు తరగతులకు ఉద్యోగులు కూడా వచ్చేవారు. వారితో నేను ఒక అభ్యాసం చేయించేవాడిని. ఉద్యోగి తాను వారంలో చేసే పనులన్నీ వ్రాసి, వాటిలో తన ఇష్టంతో చేసేవాటికి గుర్తు పెట్టాలి. అతని పై అధికారి వేరే కాగితం మీద అదే పని చేయాలి. తరువాత ఇద్దరూ కూర్చొని రెండు కాగితాలూ కలిపి చదువుకోవాలి. తప్పులు పట్టడానికి కాదు, ఒకరి కాగితంలో ఉండి ఇంకొకరి కాగితంలో లేనివి చూడడానికి. ఈ పత్రికను చదివే యజమానులు తమ దుకాణంలోనో కార్యాలయంలోనో ఒక గంట వెచ్చించి దీనిని చేసి చూడవచ్చు. పనివారు చదువురానివారైతే నోటితో చెప్పించుకున్నా సరిపోతుంది.

ఒక కార్యాలయంలో ఇట్లా చేసినప్పుడు అటెండరు చెప్పినవాటిలో నీళ్ళ మోటారు ఉన్నది. ప్రతి ఉదయం అందరికంటే అరగంట ముందు వచ్చి అతడు మోటారు వేసి ట్యాంకు నింపేవాడు. అది కాపలాదారు పని అని అధికారి అనుకున్నాడు. కాపలాదారు రాత్రి విధి ముగిసి అప్పటికే వెళ్ళిపోయేవాడు. ఎనిమిదేళ్ళుగా ఆ భవనంలో నీళ్ళు ఎట్లా వస్తున్నాయో ఎవరూ అడగలేదు. దీనికి ఏమి కావాలని అధికారి అడిగితే, డబ్బు వద్దనీ, సాయంత్రం అరగంట ముందు వదిలితే తన ఊరి చివరి బస్సు అందుతుందనీ అతడు చెప్పాడు. మరునాటి నుండి నాలుగున్నరకు వెళ్ళడానికి అనుమతి ఇస్తూ అధికారి కాగితం వ్రాసి ఇచ్చాడు. సెలవు రోజుల్లో మోటారు ఎవరు వేయాలో కూడా అదే కాగితంలో నిర్ణయించాడు.